చప్పుడుకే అద్దె

కొండ మీది కాలనీలో అద్దె లెక్క గడియారంతో కట్టరు, చెవులతో కడతారు. డీజిల్ మామ జనరేటరు ఎవరి గుమ్మం ముందు మోగితే వాళ్ళు అద్దె ఇస్తారు. మోగినంతసేపటికీ ఇస్తారు, ఆగిందంటే లెక్క కూడా ఆగినట్టే. ఇందులో మోసానికి తావు లేదు. అది ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో కాలనీ మొత్తానికీ వినపడుతుంది. పేచీ వస్తే సాక్ష్యానికి పక్కింటి ముసలమ్మ ఒక్కతే చాలు. "నేను పొయ్యి ముట్టించేటప్పుడు మొదలైంది, అంట్లు తోముకుని లేచేసరికి ఆగింది" అని ఆవిడ తేల్చేస్తే ఇక అప్పీలు లేదు.

కరెంటు స్తంభాలు కొండ కిందిదాకా వచ్చి, పైకి ఒకసారి చూసి, మన వల్ల కాదులే అని అక్కడే ఆగిపోయాయి. పైన రాళ్ళు కొట్టేవాళ్ళూ, వాళ్ళని నమ్ముకుని బతికే చిన్న చిన్న దుకాణాలవాళ్ళూ ఉంటారు. పెళ్ళికి దీపాలు కావాలన్నా, మీటింగుకి మైకు కావాలన్నా, నీళ్ళ మోటారు తిరగాలన్నా వాళ్ళకి డీజిల్ మామే దిక్కు. రెండు చక్రాల బండి మీద జనరేటరుని ఎక్కించి ఆయన వీధిలోకి లాగాడంటే, ఎవరింట్లోనో శుభకార్యం ఉన్నట్టే లెక్క. అందరూ ఆయన్ని మామా అనే పిలుస్తారు. ఆయన కన్నా పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు.

మామ గొప్పంతా ఆయన చెవిలో ఉందని కాలనీ నమ్మకం. ఇంజను పక్కన నిలబడి, తల ఒక పక్కకి వంచి, కళ్ళు అరమూసి, "డీజిల్లో నీళ్ళు కలిశాయి" అన్నాడంటే కలిసే ఉండేవి. "ఆ చెవి ఉన్నంతకాలం మన పెళ్ళిళ్ళలో దీపం ఆరదు" అని జనం చెప్పుకునేవారు. అసలు సంగతేమిటంటే, ఆ చెవులు పని మానేసి చాలా కాలమైంది. ఏళ్ళ తరబడి ఇంజను పక్కన కూర్చుంటే ఇనప చెవులైనా చిల్లులు పడతాయి. తల వంచడమంతా షోకు. నాడి పట్టేది ఎడమ చెయ్యి. బండి చట్రం మీద అరచెయ్యి ఆనించి, ఆ అదురుని బట్టి ఇంజను కష్టసుఖాలు కనిపెట్టేవాడు.

మనుషుల దగ్గర ఈ అరచెయ్యి పనికిరాదు కదా. అందుకని మామ ఒక మాట సంపాదించుకున్నాడు. "ఊఁ, చూద్దాం." ఎవరేమన్నా ఇదే జవాబు. చేబదులు అడిగినా, పెళ్ళికి పిలిచినా, మోటారు కాలిపోయిందని మొత్తుకున్నా సరిగ్గా అతికే మాట. ఒకసారి ఇస్త్రీ అతను వచ్చి తన తండ్రి పోయాడని చెబితే దానికీ "ఊఁ, చూద్దాం" అన్నాడు. ఇస్త్రీ అతను కళ్ళు తుడుచుకుని, ఈ మనిషి వైరాగ్యం ఎవరికొస్తుందిలే అని దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఇంట్లో మాత్రం గుట్టు చక్కగా సాగిపోయింది. షెడ్డు ఇంటికి ఆనుకునే ఉండటంతో ఆయన భార్య పెళ్ళయిన నాటినుంచీ అరిచే మాట్లాడుతోంది. ఉప్పు తెమ్మన్నా, ఊరు మునిగిపోతోందన్నా గొంతు ఒకటే. ఎప్పుడైనా ఆ కేక కూడా మామకి అందకపోతే, "మొగుళ్ళందరికీ ఉండే చెముడేలే" అని సరిపెట్టుకునేది.

బయటపడితే ఏమవుతుందో మామకి బాగా తెలుసు. చెవిటివాడి చేతికి పెళ్ళి దీపాలు ఎవరిస్తారు? డీజిల్ మామ కాస్తా చెవిటి మామ అవుతాడు. షెడ్డులోంచి తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెడతారు, వేళకింత తిండి పెడతారు, తనకి అర్థం కాని విషయాలు తన ముందే మాట్లాడుకుని నవ్వుకుంటారు. చావంటే లేని భయం మామకి ఆ అరుగంటే ఉంది.

ఇలాంటి ఇంటికి దొరక్క దొరక్క దొరికిన అల్లుడు పరమ మెత్తని గొంతువాడు. కూతురు కాలనీ ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఉద్యోగం ఇక్కడే కాబట్టి పెళ్ళయ్యాక అల్లుడే అత్తారింటికి వచ్చాడు. గడియారాలు బాగుచేసే కొట్టులో పెరిగిన మనిషి, సెకన్ల ముల్లుకి అడ్డు తగలకుండా మాట్లాడటం అలవాటు. తుమ్మినా రహస్యం చెప్పినట్టే తుమ్ముతాడు. వచ్చిన మొదటి వారమంతా అత్తగారు అతనికి గొంతు పట్టేసిందనుకుని పూటపూటా వేడినీళ్ళు తాగించింది.

మొదట్లో ఆ అల్లుడు రోజూ సాయంత్రం షెడ్డులోకి వచ్చేవాడు. మామ ఇంజను ఆపి, గుడ్డతో తుడుస్తూ ఉంటే పక్కన నిలబడి ఏదో అనేవాడు. మామ అతని పెదాల వంక చూసేవాడు, కానీ పెదాలు కదలకుండా మాట్లాడే మనిషాయె. "ఊఁ, చూద్దాం" అనేవాడు మామ. అల్లుడు తల ఊపి వెళ్ళిపోయేవాడు. రోజూ ఇదే తంతు. మూడేళ్ళు గడిచాక అతను రావడం తగ్గించాడు. హమ్మయ్య అనుకున్నాడు మామ.

ఈ ఏడు ఎండలు ముదరకముందే అల్లుడు కొండ కిందినుంచి మూడు చక్రాల బండి మీద ఒక పెట్టె తెచ్చాడు. ట్రంకుపెట్టె అంత ఉంది. లోపల బ్యాటరీలు, పక్కన ప్లగ్గులు పెట్టుకునే సాకెట్లు, ముందు భాగాన ఎంత ఛార్జింగు మిగిలిందో చూపించే ఐదు పచ్చ దీపాలు. దాన్ని నింపడానికి షెడ్డు కప్పు మీద సోలార్ పలకలు బిగించాడు. సరిగ్గా జనరేటరు నెత్తిన. పెద్దభార్య గది మీద చిన్నభార్యకి మేడ కట్టినట్టుందని మామ చాలా బాధపడ్డాడు.

ఖర్చు సంగతికొస్తే రెండిటిదీ తలోదారి. జనరేటరు కొనేటప్పుడు నవ్విస్తుంది, కొన్నాక ఏడిపిస్తుంది. రోజూ దాని గొంతులో డీజిలు పొయ్యాలి, ఆ డీజిలుని డబ్బాలతో కొండ ఎక్కించాలి, మోసినవాడికి కూలి ఇవ్వాలి. ఈ పెట్టె మొదటే ఒక్కసారి భోరుమని ఏడిపిస్తుంది, ఆ తర్వాత ఎండ తిని బతికేస్తుంది. ఎండకి ఇంకా ఎవరూ ధర కట్టలేదు. కానీ ఆ మొదటి ఏడుపు నర్సమ్మ జీతంలోంచి వాయిదాలుగా పోతోంది. వానలు మొదలయ్యేలోగా పెట్టె తన వాయిదా తను సంపాదించుకోకపోతే వెనక్కి ఇచ్చేస్తామని దుకాణంవాడితో ఒప్పందం.

పెట్టె ఏమో సంపాదించడం లేదు. ఎందుకంటే అది మోగదు.

మొదటి బేరం టైలరమ్మది. మోటారు మిషను మీద జాకెట్లు కుట్టుకోవడానికి పెట్టెని ఒక మధ్యాహ్నం అద్దెకి తీసుకుంది. సాయంత్రం అల్లుడు డబ్బులకి వెళ్ళాడు.

"ఎంతసేపు ఆడిందేమిటి?" అంది టైలరమ్మ.

"మూడు గంటలండీ."

"ఎవరు విన్నారు?"

టైలరమ్మ పక్కింటి ముసలమ్మని పిలిచింది. ఆవిడ వచ్చి, బుగ్గన వేలుపెట్టుకుని ఆలోచించి, "అబద్ధం ఎందుకాడాలమ్మా, నాకైతే ఏమీ వినపడలేదు" అంది. అల్లుడు గట్టిగా వాదించాడు. ఆ వాదన కూడా ఎవరికీ వినపడలేదు. టైలరమ్మ జాలిపడి సగం చేతిలో పెట్టి పంపించింది.

తర్వాత బేరాలూ అంతే. సెలూన్ అతను, "కరెంటు వచ్చినట్టే ఉంది గానీ, వచ్చిన కళ లేదు" అన్నాడు. ఒక పెళ్ళివారైతే దీపాలన్నీ పెట్టెకి తగిలించుకుని, నిండుగా ఉంటుందని జనరేటరుని కూడా ఊరికే పక్కన మోగించమన్నారు. మామ మీసాల మాటున నవ్వుకుని, ఎంతసేపు కావాలంటే అంతసేపు మోగించి, డబ్బులు లెక్కపెట్టుకుని వచ్చాడు. అల్లుడి ముఖం చూస్తే ఒక్క క్షణం పాపం అనిపించింది. ఆ ఒక్క క్షణమే.

అలా పెట్టె తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతూ ఉండగా, ఒకరోజు భోజనాల దగ్గర కూతురు ఏదో చెప్పింది. "ఊఁ, చూద్దాం" అన్నాడు మామ.

"చూసేదేముంది! ఎల్లుండే!" అని భార్య చెవి పక్కన కేకేసింది. "చెవుల పరీక్షట! డాక్టరమ్మే వస్తుందిట! మన అల్లుడి పెట్టెతోనేట! నీ జనరేటరు ఆ రోజంతా నోరు ముయ్యాలిట!"

మామ కలిపిన ముద్దని కంచంలోనే వదిలేశాడు.

ఈ పరీక్ష పోయినేడు కూడా జరిగింది. అప్పుడు వచ్చింది ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒకతను, చెప్పిన పని చెప్పినట్టు చేసే రకం. కరెంటు మామదే. జనరేటరుకి ఎండ తగలకుండా మామ దాన్ని సరిగ్గా పరీక్ష గది కిటికీ కింద నీడలో పెట్టాడు. లోపల ఆ అతను ఒక్కొక్కరి తలకీ, చెవులు మూసుకునేలా గొట్టాలు తగిలించి, సన్నటి కూతలు వినిపించి, వినపడితే బటన్ నొక్కమన్నాడు. ఎవరూ నొక్కలేదు. సాయంత్రానికి కాలనీ మొత్తానికి చెముడని తేలింది. పెళ్ళికూతురికి చెముడు, చంటిపిల్లలకి చెముడు, పక్కింటి ముసలమ్మకైతే బ్రహ్మచెముడు. పై ఆఫీసువాళ్ళు కంగారుపడిపోయి, కొండ మీద కొత్త జబ్బేదో పుట్టిందని తాగే నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు. నీళ్ళు బాగానే ఉన్నాయని తర్వాత కబురొచ్చింది.

ఆ ఏడాదంతా మామ బతుకు హాయిగా గడిచింది. ఊరంతా చెవిటిదైతే చెవిటివాడెవరు? ఇప్పుడు ఆ హాయికి నూకలు చెల్లిపోయాయి. చప్పుడు లేని పెట్టెతో పరీక్ష చేస్తే కాలనీ మొత్తం పాసవుతుంది, తనొక్కడే ఫెయిలవుతాడు. నర్సమ్మ తండ్రి పరీక్షకి రాకపోతే బాగుండదని కూతురు పేరు మొదట్లోనే రాసేసింది కూడా.

మర్నాడు పొద్దున్నే అల్లుడు డాక్టరమ్మని తీసుకురావడానికి కొండ దిగాడు. తిరిగొచ్చేది ఆ మర్నాడే. కూతురు కేంద్రంలో గదులు కడిగించే పనిలో పడింది. మామ షెడ్డులోకి వెళ్ళి పెట్టె ముందు నిలబడ్డాడు. ఐదు పచ్చ దీపాలూ నిండుగా వెలుగుతున్నాయి. ఇవి రేపటికి ఆరిపోతే పరీక్షకి జనరేటరే గతి. జనరేటరుంటే మళ్ళీ అందరికీ చెముడే. పలకల తీగ ఊడబెరికి, మామ మూడు చక్రాల బండిని వీధిలోకి లాగాడు.

"ఈరోజు ఉచితం!" అని మొదటి గుమ్మం దగ్గరే కేకేశాడు. "మా అల్లుడి తరఫున! ఎంత కావాలంటే అంత వాడుకోండి!"

అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడం లోకంలో ఉన్నదే. అల్లుడి సొమ్ము మామ దానం చెయ్యడం కాలనీ ఇప్పుడే చూసింది. ఉచితం అన్న మాట ఏ చప్పుడూ లేకుండానే వీధి చివరిదాకా వినపడింది.

ఇస్త్రీ అతను బొగ్గుల పెట్టె పక్కన పడేసి, పెళ్ళిలో కానుకగా వచ్చి అటక మీద పడి ఉన్న కరెంటు ఇస్త్రీపెట్టె దింపాడు. వారం బట్టలు ఒక్క పూటలో లాగించేశాడు. చొక్కాల మీద బొగ్గు మసి మరక ఒక్కటి పడలేదు. టైలరమ్మ మోటారు మిషను తెచ్చుకుంది. "ఇన్నాళ్ళూ జనరేటరు గోలలో వినపడలేదు గానీ, సూది కుట్టు తప్పినప్పుడు టిక్కుమంటుంది మామా, వెంటనే తెలిసిపోతోంది" అని సంబరపడింది. మామకి ఆ మాట ఒక్క ముక్క కూడా వినపడలేదు, అయినా సంబరం కనపడింది. సెలూన్‌లో క్లిప్పరు ఆడుతుండగానే జనం కబుర్లు చెప్పుకున్నారు. అరవకుండా చెప్పుకోవడంతో ఎన్నడూ బయటికి రాని సంగతులు ఆ రోజు బోలెడు వచ్చాయి. ముసలమ్మ ఎవరిదో టేబుల్ ఫ్యాను ఎరువు తెచ్చి మునిమనవడి మంచం పక్కన పెట్టింది. జనరేటరుకి గుక్కపట్టే ఆ పసివాడు హాయిగా నిద్రపోయాడు. వాడితోపాటు ముసలమ్మ కూడా నిద్రపోయింది.

పొద్దుగూకేసరికి ఐదు దీపాల్లో నాలుగు ఆరిపోయాయి. ఉన్న ఒక్కటీ గుడ్లు తేలేస్తోంది. మామ తువ్వాలుతో ముఖం తుడుచుకుని, పెట్టెని ఇంటికి లాక్కొచ్చాడు. భార్య నడుం మీద చేతులు పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమయ్యా, నీకు ఒంట్లో బాగానే ఉందా?" అని అరిచింది.

"ఊఁ, చూద్దాం" అన్నాడు మామ.

మర్నాడు డాక్టరమ్మని వెంటబెట్టుకుని అల్లుడు కొండ ఎక్కేసరికి కాలనీ సగం ఎదురొచ్చింది. వచ్చే వారం నాకంటే నాకని పెట్టె కోసం పోట్లాట. అద్దె ఎలా కడతారని అల్లుడు అడిగితే, "దీపాల లెక్క కట్టుకోవయ్యా, ఎన్ని ఆరితే అన్నిటికి ఇస్తాం, అవి మా కళ్ళకి కనపడుతూనే ఉన్నాయి కదా" అని టైలరమ్మే దారి చెప్పింది. చెవులతో కట్టే లెక్క కళ్ళకి మారడానికి కాలనీకి ఒక్క ఉచితం సరిపోయింది. జరిగిందంతా విని అల్లుడు నేరుగా షెడ్డుకి వచ్చాడు. మామగారి రెండు చేతులూ పట్టుకుని ఏదో అన్నాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. మామ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

నిలబడి పెట్టె వంక చూశాడు. అల్లుడూ చూశాడు, మిణుకుమంటున్న ఆ ఒక్క దీపాన్ని. ఇప్పుడు జనరేటరు అడుగుతాడని మామ ఇంజను తిప్పే హ్యాండిలు చేతిలోకి తీసుకున్నాడు కూడా. అల్లుడు నవ్వి, వెనకే వచ్చిన తన భార్యతో ఏదో చెప్పాడు. ఆవిడ తండ్రి చెవి దగ్గరికొచ్చి అరిచింది.

"ఇస్త్రీపెట్టెది ఏనుగు తిండి నాన్నా! పరీక్ష మిషనుది పిచ్చుక తిండి! ఈ ఉన్నది చాలు, ఇంకా మిగులుతుంది!"

తాను తవ్విన గోతిలో తానే పడటం అంటే ఏమిటో మామకి అప్పుడు తెలిసింది. గోతి చుట్టూ కాలనీ నిలబడి చప్పట్లు కొడుతోంది కూడా.

పరీక్ష గదిలో కిటికీ తెరిచే ఉంది. బయట వరసలో నిలబడ్డవాళ్ళు గుసగుసలాడినా లోపలికి వినపడేంత నిశ్శబ్దం. మొదట వెళ్ళిన ముసలమ్మ కూత కూతకీ బటన్ నొక్కి, బ్రహ్మచెముడు వదిలించుకుని బయటికొచ్చింది. తర్వాత మామ కూర్చున్నాడు. గొట్టాలు తలకి తగిలించుకున్నాడు. ఆయనకి కూతలేవీ వినపడలేదు గానీ, డాక్టరమ్మ వేలు మిషను మీద పడటం కనపడింది. వేలు పడ్డప్పుడల్లా బటన్ నొక్కాడు. ఒక్కటి కూడా తప్పలేదు. డాక్టరమ్మ కాసేపు చూసి, నవ్వుతూ వచ్చి కుర్చీని గోడ వైపు తిప్పేసింది.

గోడ ఏమీ చెప్పలేదు. మామ కాసేపు బిగదీసుకుని కూర్చున్నాడు, తర్వాత నొక్కకపోతే బాగుండదని నొక్కడం మొదలెట్టాడు. తెలియకుండానే వేలు ఇంజను తాళానికి అలవాటుపడి డుబు డుబు డుబు అని నొక్కుకుంటూ పోయింది.

డాక్టరమ్మ వచ్చి గొట్టాలు తీసింది. వెనకనుంచి ఏదో అడిగింది. జవాబు రాలేదు. కొంచెం గట్టిగా అడిగింది. రాలేదు. ఇక ముందుకొచ్చి, ఆయన చెవిలో గొంతెత్తి అరిచింది.

"పెద్దాయనా! మీ రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయి! చాలా ఏళ్ళయి ఉంటుంది! ఎవరికీ చెప్పలేదా?"

ఆవిడ తప్పేమీ లేదు, అరవకపోతే ఆయనకి అందదు కదా. కానీ ఆ కాలనీ పుట్టాక అంత నిశ్శబ్దం అదే మొదలు. ఆ నిశ్శబ్దంలో ఆ కేక కిటికీలోంచి బయటపడి, వరస మొత్తాన్నీ దాటుకుని, వీధి చివరిదాకా వెళ్ళింది. మామ కిటికీ వైపు తిరిగాడు. టైలరమ్మ, సెలూన్ అతను, ముసలమ్మ, వెనకగా అల్లుడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని మామకి అనిపించింది.

ఇస్త్రీ అతను మాత్రం ఆలోచనలో పడ్డాడు. "అయితే మా నాన్న పోయిన రోజున... అది వైరాగ్యం కాదా?" అన్నాడు.

డాక్టరమ్మ ఆయన చెవుల వెనక చిన్న మిషన్లు రెండు అమర్చింది. అవి కూడా కరెంటు తాగేవే, రోజూ ఒక చిన్న డబ్బాలో పెట్టి అల్లుడి పెట్టెకి తగిలించాలట. డీజిల్ మామ చివరికి పెట్టెకి ఖాతాదారుడయ్యాడు. ఆవిడ మీట తిప్పగానే, ముందు ఆయనకి తన చెప్పుల చప్పుడు వినపడింది. గచ్చు మీద అది అంత మోటుగా ఉంటుందని ఆయనకి తెలియదు.

ఇంటికొచ్చేసరికి భార్య ఎదురొచ్చి, "ఏమయ్యా, ఇప్పుడైనా వినపడుతోందా?" అని ఎప్పటిలాగే అరిచింది. మామ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"అరవకే. వినపడుతోంది."

ఆవిడ ఆగిపోయింది. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, "నిజంగానా?" అంది మామూలు గొంతుతో. ఆ గొంతు సన్నగా, కొంచెం బొంగురుగా ఉంది. పెళ్ళయిన కొత్తలో విన్న గొంతు. అది ఇంకా ఆవిడ దగ్గరే ఉందని ఆయన మరిచేపోయాడు. ఆయనకి దుఃఖం ముంచుకొచ్చింది. కంట్లో నలక పడిందని చెప్పి షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

షెడ్డులో అల్లుడు తీగలు చుట్టి పెడుతున్నాడు. మామ జనరేటరు పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. మామే మాట మొదలెట్టాడు.

"అల్లుడూ, నువ్వు రోజూ సాయంత్రం ఇక్కడికొచ్చి ఏదో అడిగేవాడివి. ఏమిటది?"

"ఇప్పుడెందుకులెండి మామయ్యా" అన్నాడు అల్లుడు. మెత్తగానే అన్నాడు. ప్రతి అక్షరం వినపడింది.

"చెప్పు."

అల్లుడు చేతిలో తీగని ఇంకో రెండు చుట్లు చుట్టాడు. "ఇంజను పని నేర్పించమని అడిగేవాణ్ణి. మీరు చూద్దాం అనేవారు."

మామ పీటని ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"రోజూ అడిగితే ఎప్పుడో ఒకరోజు నేర్పుతారనుకున్నాను. మూడేళ్ళయింది. నేర్పడం మీకు ఇష్టం లేదని, సొంత కొడుకుంటే నేర్పేవారేమోనని అనిపించింది. ఇంట్లో కూర్చుని తినలేను కదా. అందుకని ఈ పెట్టె తెచ్చుకున్నాను."

మామ పెట్టె వంక చూశాడు. ఇన్నాళ్ళూ తన పొట్ట కొట్టడానికి వచ్చిందని తిట్టుకున్న పెట్టె. దాన్ని కొండ ఎక్కించింది ఎండా కాదు, అల్లుడూ కాదు, తన 'ఊఁ, చూద్దాం'. పరువు కాపాడుకుంటున్నానని సంబరపడుతూ, పక్కన నిలబడ్డ మనిషికి రోజుకోసారి 'కాదు, పో' అని చెప్పాడు.

"కాస్త గట్టిగా అడగకూడదూ?" అన్నాడు.

"గట్టిగా అడగడానికి హక్కుండాలి కదా మామయ్యా. ఇల్లరికం వచ్చినవాణ్ణి."

మామ తల వంచుకున్నాడు. ఈసారి అది షోకుకి కాదు. తర్వాత తలెత్తి, అల్లుడి కళ్ళలోకి చూసి చెప్పాడు.

"నాకు వినపడలేదు అల్లుడూ. ఒక్కరోజు కూడా వినపడలేదు. వినపడలేదని చెప్పడానికి సిగ్గేసింది."

అల్లుడి చేతిలోంచి తీగ జారి చుట్లన్నీ విడిపోయాయి. అతను వంగి తియ్యబోతే మామ ఆపి, హ్యాండిలు అందించాడు.

"దాన్ని అలా ఉంచు. ఇలా వచ్చి ముందు ఇది తిప్పు."

అల్లుడు తిప్పాడు. మొదటిసారి రాలేదు. రెండోసారి చెయ్యి వెనక్కి కొట్టింది. మూడోసారికి ఇంజను దగ్గి, ఉమ్మి, షెడ్డు దద్దరిల్లేలా అందుకుంది. ఆ మోతకి చెవుల్లో మిషన్లు సూదుల్లా గుచ్చాయి. మామ గబగబా వాటిని తీసి చొక్కా జేబులో భద్రం చేసుకున్నాడు. లోకం మళ్ళీ దూదిలో మునిగిపోయింది. ఆయన అల్లుడి చెయ్యి పట్టుకుని, అరచెయ్యి చట్రం మీద ఆనించి, పైన తన చెయ్యి వేసి నొక్కాడు. డీజిలు కొంచెం తగ్గించి చూపించాడు, పెంచి చూపించాడు. అదురు మారడం అల్లుడి ముఖంలో కనపడింది.

అల్లుడు ఏదో అడిగాడు. ఇంజను మింగేసింది. మళ్ళీ అడిగాడు, మళ్ళీ మింగేసింది. ఇక ఆ మెత్తని మనిషి ఊపిరంతా పీల్చుకుని, మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు.

"ఇలాగేనా మామయ్యా!"

పక్కింటి ముసలమ్మ, టైలరమ్మ, సెలూన్ అతను, 'ఎవరిదీ ఈ కొత్త గొంతు?' అని షెడ్డు ముందుకి పరిగెత్తుకొచ్చారు. అందరూ మామ వైపు చూస్తున్నారు, జవాబేమిటా అని. మామ చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, వాళ్ళందరి ముందూ అల్లుడి మీదికి వంగాడు.

"వినపడలేదు అల్లుడూ! మళ్ళీ చెప్పు!"